మోటారుసైకిలు టైరు ఒకవైపే యేల అరుగును?

(మడికొండలో పరిసర గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మడికొండ హైదరాబాదు నుండి హనుమకొండకు వచ్చు పెద్ద రోడ్డు మీద, కాజీపేటకు చేరువగా నున్న ఊరు. మెట్టుగుట్ట నీడన వెలసిన యీ ఊరు ఒకప్పుడు తానొక గ్రామ పంచాయతీ. నేడు వరంగల్ మహానగర పాలక సంస్థలో కలిసియున్నది. ధర్మసాగరము వైపు నుండియు, ఘనపురము వైపు నుండియు మీలో చాలమంది మోటారుసైకిళ్ళ మీదనే యిచ్చటికి వచ్చినారు. రైతునకు విత్తనములు తెచ్చునది ఆ బండియే. పాలు కేంద్రమునకు చేర్చునది ఆ బండియే. అర్ధరాత్రి జ్వరము వచ్చిన పిల్లను ఆసుపత్రికి కొనిపోవునదియు ఆ బండియే. ఒకనాడు ఎడ్లబండికి మన గ్రామజీవనములో ఏ స్థానముండెనో, నేడు ఆ స్థానము దీనిదే యైనది.

ఆ బండి టైరును గూర్చి పంచాయతీ సభ్యులతో మాటలాడుట యేల యని మీకు తోచవచ్చును. టైరు అరిగిన తీరు మూడు సంగతులను చెప్పును. బండి యెట్లున్నదో చెప్పును. నడుపువాడు ఎట్లు నడుపుచున్నాడో చెప్పును. ఊరి రోడ్డు ఎట్లున్నదో చెప్పును. మొదటి రెండును బండి యజమాని చూచుకొనవలసినవి. మూడవది మీ చేతిలోనిది. కావుననే యీ ప్రసంగము.

అరుగుట దోషము కాదు

టైరు అరుగుటకే పుట్టినది. చెప్పు అరిగినట్లే అదియు అరుగును. కాని చెప్పు మడమ ఒక ప్రక్కనే అరిగినచో నడకలో ఏదో వంకర యున్నదని పెద్దలు కనిపెట్టుదురు. టైరు విషయమును అంతియే. అంతటను సమముగా అరిగిన టైరు తన పని తాను చేసి ముగించినది. ఒక్క అంచునో, ఒక్క చోటనో అరిగిన టైరు సగము పనియే చేసి చెడిపోయినది. ఒక అంచు అరిగి బోడి యైన దినమున రెండవ అంచున సగము రబ్బరు మిగిలియున్నను, ఆ టైరును పారవేయక తప్పదు. ఆ మిగిలిన రబ్బరు వెల మన చేతి నుండి పోయినట్లే.

పూర్వము బండి చక్రమునకు ఇనుప పట్టా వేయించెడివారము. అది బండిని మోసెడిదే కాని కుదుపును తీర్చెడిది కాదు. 1888లో ఐర్లండు దేశపు బెల్‌ఫాస్ట్ నగరమున జాన్ బాయ్డ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగి చూచెను. నేటి గాలి టైరు వ్యాప్తికి నాంది అదియే. నాటి నుండి నేటి వరకును మూలసూత్రము మారలేదు: బరువును మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టియుంచి, నేలను పట్టుకొనును. మోటారుసైకిలు టైరు ఒక్కొక్కటి నేలను తాకు చోటు మన అరచేతి కంటె చిన్నది. ఆ రెండు చిన్న చోట్ల మీదనే బండి, నడుపువాడు, వెనుక కూర్చున్న ఇల్లాలు, నడుమ కూర్చున్న పిల్లవాడు అందరును ఆధారపడియున్నారు.

అరిగిన తీరును చదువుట

టైరు అరుగుదలను ఐదు విధములుగా చూడవచ్చును.

మొదటిది, నడుమ భాగము మాత్రమే అరుగుట. గాలి మితిమీరి కొట్టించినచో టైరు నడుమ ఉబ్బి, ఆ నడుమనే బరువంతయు పడును. ఐతే మోటారుసైకిలు టైరు కారు టైరువలె చదునుగా నుండక గుండ్రముగా నుండును. కనుక పెద్ద రోడ్డు మీద ప్రతిదినము తిన్నగా పోవు బండికి, గాలి సరిగా నున్నను, వెనుక టైరు నడుమ కొంత చదునగుట సహజము. ఆ చదును మరీ ఎక్కువైనచో మలుపులో బండి ఒక్కసారిగా అంచు మీదికి ఒరిగినట్లు తోచును. అప్పుడు టైరు మార్చుటకు కాలము వచ్చినదని తెలియవలెను.

రెండవది, రెండంచులును అరిగి నడుమ మిగులుట. ఇది గాలి తక్కువ యగుటకు గుర్తు. గాలి తగ్గిన టైరు నడుమ లోపలికి అణగి, అంచుల మీద బరువు మోయును. ప్రతి చుట్టునను టైరు ప్రక్కలు ఎక్కువగా వంగి లేచుట వలన అది వేడెక్కును. పెట్రోలు అధికముగా ఖర్చగును. బస్తాలు వేసికొని, ముగ్గురెక్కి, ఎండలో పోవు బండికి ఇది మరింత ప్రమాదకరము.

మూడవది, టైరు చుట్టును అచ్చటచ్చట గుంటలు పడుట, లేక రంపపు పళ్ళవలె అగుట. దీనిని కంటితో కంటె చేతితో తెలిసికొనుట సులభము. అరచేతిని టైరు మీద ఒక దిక్కునకు రాచినపుడు నున్నగా నుండి, ఎదురు దిక్కునకు రాచినపుడు గరుకుగా తగిలినచో అది రంపపు అరుగుదల. షాకప్‌లు నీరసించినను, చక్రపు బేరింగులు వదులైనను, హ్యాండిలు క్రింది కోన్ సెట్టు అరిగినను, రిమ్ము వంగినను చక్రము నేలపై స్థిరముగా దొరలక ఎగిరెగిరి పడును. పడిన చోట రబ్బరు ఎక్కువగా అరుగును.

నాలుగవది, ఒకే ఒక్క చోట చదునైన మచ్చ. వెనుక బ్రేకు ఒక్కసారిగా బలముగా త్రొక్కినపుడు చక్రము ఆగిపోయి, బండి మాత్రము ముందునకు ఈడ్చుకొని పోవును. ఆ ఈడ్పులో ఆకురాయి మీద ఇనుము అరిగినట్లు టైరు ఒక్కచోట అరుగును. ముందు బ్రేకు, వెనుక బ్రేకు రెండును కలిపి, క్రమముగా వేయుటయే దీనికి మందు. ఈ మాట ముఖ్యముగా మన యువకులకు చెప్పవలెను.

ఐదవది, ఒక ప్రక్కనే అరుగుట. అందరును అడుగునది ఇదియే, వాదము ఎక్కువగా నున్నదియు దీని మీదనే. కావున దీనిని కొంచెము విపులముగా చెప్పెదము.

కుడి అంచు రహస్యము

మన దేశమున చాల బండ్లకు, ఏ దోషము లేకున్నను, టైరు కుడి ప్రక్క ఎడమ ప్రక్క కంటె కొంచెము ముందుగా అరుగును. కుడివైపున నడచు అమెరికా వంటి దేశములలో ఎడమ ప్రక్క ముందుగా అరుగును. దీనికి రెండు కారణములు చెప్పబడుచున్నవి.

మొదటి కారణము రోడ్డు వాలు. నీరు నిలువకుండుటకై రోడ్డు నడుమ ఎత్తుగను, అంచులు పల్లముగను వేయుదురు. మనము ఎడమవైపు పోవుచుందుము కనుక మన క్రింది రోడ్డు ఎడమకు వాలియుండును. బండి మాత్రము నిలువుగానే నిలుచును. అప్పుడు నేల ఎత్తుగా నున్న వైపు, అనగా కుడి ప్రక్క, టైరునకు ఎక్కువగా తగులును.

ఈ కారణము నిజమే. కాని ఎంత? లెక్క వేసి చూతము. తారు రోడ్డు వాలు సాధారణముగా నూటికి రెండు నుండి రెండున్నర వంతులు. నూటికి రెండున్నర యనగా డిగ్రీలలో ఒకటిన్నరకు లోపు. నలుబది మిల్లీమీటర్ల అర్ధవ్యాసముతో గుండ్రముగా నున్న టైరునకు, ఆ వాలు వలన నేల తాకు చోటు ప్రక్కకు జరుగునది సుమారు ఒక్క మిల్లీమీటరే. కావున వాలు ఒక్కటే కుడి అంచును అంతగా తినివేయునని చెప్పజాలము.

రెండవ కారణము మలుపులు. నాలుగు రోడ్ల కూడలిలో ఎడమకు తిరుగువాడు మూలను రాచుకొని చిన్న వంపు తిరుగును; కుడికి తిరుగువాడు రోడ్డు దాటి పెద్ద వంపు తిరుగును. ఎడమ వంపు అర్ధవ్యాసము 5 మీటర్లును, కుడి వంపుది 12 మీటర్లును అనుకొన్నచో, ఎడమ మలుపులో బండి పోవు దూరము సుమారు 8 మీటర్లు. కుడి మలుపులో 19 మీటర్లు. అనగా కుడికి ఒరిగి పోవు దూరము రెట్టింపు కంటె ఎక్కువ. నడుమ విగ్రహమున్న కూడళ్ళలో, మన నియమము ప్రకారము చుట్టి పోవునపుడు, బండి కుడికే ఒరిగియుండును.

"పోవునపుడు కుడి మలుపైనది వచ్చునపుడు ఎడమ మలుపగును గదా, రెండును సరిపోవును గదా" యని మీరు అడుగవచ్చును. మలుపుల లెక్క సరిపోవును, దూరము సరిపోదు. ఏ దిక్కున పోయినను కుడి మలుపు వెలుపలి బాటనే యుండును, ఎడమ మలుపు లోపలి బాటనే యుండును. అంతేకాక కుడి వంపులో ముందు దారి చక్కగా కనబడును కనుక నడుపువాడు వేగము తగ్గింపడు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో 100 మీటర్ల అర్ధవ్యాసముగల వంపు తిరుగునపుడు బండి సుమారు 11 డిగ్రీలు ఒరుగును. అప్పుడు నేల తాకు చోటు, ముందు చెప్పిన టైరునకే, దాదాపు 8 మిల్లీమీటర్లు ప్రక్కకు జరుగును. వాలు వలన జరుగు ఒక మిల్లీమీటరుతో దీనిని పోల్చి చూడుడు. ప్రక్కకు తోయు బలము వలన రబ్బరు మరింత రాచుకొనును.

కావున మా అభిప్రాయమున మలుపులే పెద్ద కారణము. రోడ్డు వాలు తోడు కారణము. కొద్ది తేడా కనబడినచో భయపడవలసిన పని లేదు. తేడా కొట్టవచ్చినట్లు కనబడినచో, లేక ఎడమ ప్రక్క ముందుగా అరుగుచున్నచో, అది రోడ్డు తప్పు కాదు. బండిలోనో, బరువులోనో దోషమున్నది.

బరువు, బాట

చంకన బిందె యెత్తుకొన్న ఆడుబిడ్డ రెండవ వైపునకు ఒరిగి నడచుట మనము చూచుచునే యున్నాము. బండియు అట్లే. ఎడమ ప్రక్క నిండు పాల క్యాను కట్టి, కుడి ప్రక్క ఖాళీగా విడిచినచో, నడుపువాడు తనకు తెలియకయే బండిని కుడికి వంచి నడుపును. ప్రతిదినము అట్లు నడచిన బండి టైరు కుడి అంచున అరుగును. క్యానులను రెండు ప్రక్కలను సమముగా కట్టవలెను. ఒక్కటే క్యాను ఉన్నచో వెనుక సీటు మీద నడుమ నిలిపి గట్టిగా కట్టుట మేలు.

ఇక చక్రముల వరుస. నాగలి దున్నునపుడు ఎడ్లు బాట తప్పినచో చాలు వంకర పోవును గదా! ముందు చక్రము, వెనుక చక్రము ఒకే బాటలో పోవలెను. చైను బిగించునపుడు వెనుక చక్రమును వెనుకకు జరుపుదురు. అప్పుడు ఒక ప్రక్క ఎక్కువగను, రెండవ ప్రక్క తక్కువగను జరిపినచో చక్రము వంకరగా కూర్చుండును. దానిని సరిచూచుటకై ఇరు ప్రక్కలను గీతలు వేసియుండును. మెకానిక్కు చైను బిగించిన పిదప రెండు వైపుల గీతలను మీరే లెక్కించి చూడుడు.

మరింత నిదర్శనముగా తెలిసికొనవలెనన్నచో, ఒక పొడుగు త్రాడు చాలును. బండిని నిలువుగా నిలిపి, వెనుక టైరు ఇరు ప్రక్కలకును నేలకు కొంత ఎత్తున త్రాటిని ఆనించి, ముందు చక్రము దాక తిన్నగా లాగవలెను. ముందు టైరు సన్ననిదైనచో ఇరు ప్రక్కలను సమానమైన సందు ఉండవలెను. ఒక ప్రక్క సందు తగ్గినచో చక్రము వరుస తప్పినది. గోడ కట్టు మేస్త్రీ నూలు పట్టి చూచుటకును దీనికిని భేదము లేదు. ఎప్పుడైన బండి పడియుండి, ముందు ఫోర్కు వంగినచో, ఈ నూలు ఆ సంగతిని బయటపెట్టును.

బండిని నడిమి స్టాండు మీద నిలిపి చక్రమును త్రిప్పుచు, రిమ్ము ప్రక్కన సుద్దముక్కను కదలకుండ పట్టుకొనుడు. సుద్ద అంతటను ఒకేలాగున తగిలినచో రిమ్ము సరిగా నున్నది. ఒక్కచోటనే తగిలినచో అచ్చట వంగినది. చక్రమును పైన, క్రింద పట్టి ఊపినపుడు టకటక కదలినచో బేరింగు పోయినది. ఇవి నేర్చుటకు ఏ బడికిని పోనక్కరలేదు.

గాలిని పదునైదు దినములకొక మారైనను, బండి చల్లగా నున్నపుడు, ఉదయమున చూపించవలెను. దూరము పోయి వచ్చిన వేడి టైరులో గాలి ఎక్కువ చూపును. అది చూచి గాలి తీయించుట తప్పు. ఎంత గాలి ఉండవలెనో బండితో వచ్చిన పుస్తకమునను, బండి మీద అంటించిన చీటీలోను వ్రాసియుండును. ఒక్కరు పోవునపుడు వెనుక టైరులో ఒక లెక్క, ఇద్దరు పోవునపుడు ఎక్కువ లెక్క యుండును. "కొట్టినంత కొట్టు" అనుట మానవలెను.

ఎప్పుడు మార్చవలెను?

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 94వ నియమము ప్రకారము ద్విచక్ర వాహనపు టైరు చాళ్ళ లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. కార్ల వంటి వాహనములకు 1.6 మిల్లీమీటర్లు. చాళ్ళ లోపల అడ్డముగా చిన్న గట్లు పోసియుండును. పై రబ్బరు అరిగి ఆ గట్లతో సమమైనచో టైరు ఆయువు తీరినదని అర్థము. ఇచ్చట మరువరాని సంగతి ఒకటి: లోతును బాగుగా నున్న ప్రక్కన కాదు, మిక్కిలి అరిగిన ప్రక్కన చూడవలెను. చేనులో నీరు పోవుటకు చాలు ఎట్లో, వాన రోడ్డు మీద టైరు క్రింది నీరు తొలగుటకు ఈ చాళ్ళు అట్లు. చాలు పూడిన చోట నీరు నిలుచును; నీరు నిలిచిన చోట పట్టు తప్పును.

అరిగిన టైరు మీద కత్తితో క్రొత్త చాళ్ళు కోసి, క్రొత్తదానివలె అమ్ముట కొన్ని చోట్ల కలదు. అట్టి టైరులో మిగిలిన పలుచని రబ్బరును కూడ కోసివేసినట్లే యగును. దానిని కొనరాదు. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఒకటి యుండును. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండంకెలు సంవత్సరమును తెల్పును. 3523 అని యున్నచో 2023వ సంవత్సరము 35వ వారమున తయారైనది. కొనునపుడు దానిని చూచి కొనుడు.

పంచాయతీ చేయదగినవి

ఇంతవరకు యజమాని ధర్మము చెప్పితిమి. ఇక మీ ధర్మము.

రోడ్డు వాలు టైరును కొంత అరగించునని చెప్పితిమి గనుక, వాలు లేకుండ చదునుగా వేయించుదమని ఎవ్వరును తలపరాదు. వాలు లేని రోడ్డు మీద నీరు నిలిచి, గుంటలు పడును. గుంట వలన రిమ్ము వంగును, షాకప్ చెడును, టైరు పగులును, మనిషి పడును. సిమెంటు రోడ్డునకు నూటికి రెండు వంతులకు లోపు, కంకర రోడ్డునకు రెండున్నర నుండి మూడు, మట్టి రోడ్డునకు మూడు నుండి నాలుగు వంతుల వాలు ఉండవలెనని భారత రహదారుల సంఘము ప్రమాణము. మూడు మీటర్ల వెడల్పుగల సిమెంటు రోడ్డు నడుమ భాగము అంచు కంటె 3 సెంటీమీటర్లు ఎత్తుండిన చాలును. పని జరుగునపుడు ఒక పట్టీ, ఒక నూలు తీసికొనిపోయి సభ్యులే కొలిచి చూడవచ్చును. సిమెంటు ఆరిన పిదప కొలిచి లాభము లేదు.

సిమెంటు రోడ్డు అంచుకును, ప్రక్క మట్టికిని నడుమ జానెడు మెట్టు పడిన ఊళ్ళు చాల గలవు. ఎదురుగా ట్రాక్టరు వచ్చినపుడు దిగిన బండి మరల ఎక్కునపుడు ఆ మెట్టు టైరు ప్రక్కను కోయును, బండిని పడవేయును. పంచాయతీ ట్రాక్టరుతో నాలుగు ట్రిప్పుల మొరము పోయించి అదిమించినచో ఆ మెట్టు పోవును.

స్పీడు బ్రేకరును ఎవరి యింటి ముందు వారు మట్టితోను, సిమెంటుతోను పోయుట తగదు. ప్రమాణము ప్రకారము అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు గలిగి, గుండ్రముగా నుండవలెను. ముందుగా హెచ్చరిక పలకయు, రంగు గీతలును ఉండవలెను. కత్తివలె నిటారుగా పోసిన గట్టు వేగమును తగ్గించుట కంటె రిమ్ములను విరుచుటకే పనికివచ్చును. రాత్రివేళ తెలియని బాటసారికి అది గోతితో సమానము.

పంట చేతికి వచ్చిన దినములలో వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోయుట మన ప్రాంతమున ఉన్నదే. రైతునకు స్థలము లేక చేయుచున్నాడు. అతని కష్టము మాకు తెలియును. కాని గింజల మీద అరిగిన టైరు నిలువదు. కుప్ప చుట్టును పెట్టిన రాళ్ళు చీకటిలో కనబడవు. ఊరి బయట గట్టి నేలనో, ఆరబోయు కల్లమునో చూపించుట పంచాయతీ వలన కాగల పని. అంతవరకు రోడ్డు మీద రాళ్ళు పెట్టకుండునట్లైనను కట్టడి చేయుడు.

చివరగా ఒక చిన్న పని. పంచాయతీ కార్యాలయమున ఒక కాలి పంపు, ఒక గాలి మీటరు, ఒక నూలు ఉండ ఉంచుడు. గ్రామసభ జరుగు దినమున వచ్చిన బండ్లకన్నింటికిని గాలి చూపించి, టైర్లను పరీక్షింపుడు. మన ఊరి మెకానిక్కును పిలిచి, త్రాటి పరీక్షను, సుద్ద పరీక్షను అందరి యెదుట చేయించుడు. ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44.5 మంది ద్విచక్ర వాహనముల మీద పోవుచుండినవారే. అనగా సుమారు 75,000 కుటుంబములు. ఈ మరణములన్నియు టైరు వలననే కలిగినవని మేము చెప్పుట లేదు. అతివేగము, మద్యపానము, శిరస్త్రాణము లేకుండుట మొదలగునవి పెద్ద కారణములు. ఐతే వీనిలో కొన్ని యైనను, వాన చినుకు పడిన రోడ్డు మీద, అవసరమైన క్షణమున పట్టు దొరకక జరిగినవే. ఆ పట్టు ఒక మిల్లీమీటరు రబ్బరులో నున్నది.

ఈ సమావేశము ముగిసిన పిదప మీ మీ బండ్ల దగ్గరకు పోయి, వెనుక టైరును ఇరు ప్రక్కలను ఒక్కసారి తడిమి చూడుడు. రెండు ప్రక్కలును సమముగా నున్నచో సంతోషము. లేనిచో గాలి, బరువు, చైను గీతలు, నూలు అను వరుసలో కారణమును వెదకుడు. పిదప మీ ఊరికి పోవుచు, దారిలోని గుంటలను, మెట్లను, గట్లను లెక్కించి, వచ్చు పంచాయతీ సమావేశమున వానిని చర్చకు పెట్టుడు.